నీడయే కవచము

మార్కాపురము పేరు వినినంతనే మనకు పలక జ్ఞాపకమునకు వచ్చును. ఇచ్చటి గనులలో తీసిన నల్లని రాతితో చేసిన పలకలపై ఎన్ని తరముల పిల్లలో ఓనమాలు దిద్దిరి. నల్లమల కొండలు, కంభము చెరువు, గిద్దలూరు చేలు, వీటన్నిటిపైన ఏడాదిలో చాలకాలము మండు ఎండ, ఇది ఈ సీమ స్వరూపము. ఈ ప్రాంతము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 15 డిగ్రీల 30 నిమిషముల అక్షాంశమున ఉన్నది. అందుచేత మే మొదటి దినములలో ఒకసారియు, ఆగస్టు రెండవ వారమున మరియొకసారియు మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా మన నడినెత్తిమీదికి వచ్చును. ఆ వేళ నిటారుగా నిలిపిన కర్రకు నీడయే పడదు.

ఇట్టి ఎండలో పత్తిచేలలో, మిరపతోటలలో, పలకల గనులలో దినమంతయు పనిచేయువారు ఎందరో కలరు. వారి చర్మము మరింత నల్లబడును. ఆ నలుపే వారికి కొంత రక్షణ. కాని ఇదే ఎండ కొందరికి ప్రాణములకే ముప్పు తెచ్చును. వారెవరో, వారికి మనమెట్లు తోడుపడవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ఒక బాలుని మనస్సున ఊహించుకొనుడు. అతని తల్లిదండ్రులు మనవలెనే చామనచాయవారు. అతని చర్మము మాత్రము పాలవలె తెల్లన. వెండ్రుకలు మొక్కజొన్న పీచువలె లేత పసుపు. ఎండలోనికి రాగానే అతడు కనులు చికిలించును. కనుగ్రుడ్లు నిలుకడ లేక అటునిటు కదలుచుండును. వెనుక వరుసలో కూర్చున్నచో నల్లబల్లపై అక్షరములు అతనికి కనబడవు. తోటివారిలో కొందరు అతనిని “దొర” అని పిలిచి నవ్వుదురు. తల్లి శ్రద్ధతో తలకు చుట్టిన రుమాలును ఆ నవ్వునకు వెరచి అతడు సంచిలో దాచుకొనును. ఆ నవ్వు ఎంత ప్రమాదకరమైనదో నవ్వినవారికి తెలియదు.

ఆ బాలుని స్థితిని అల్బినిజము అందురు. తెలుగున వర్ణహీనత అని చెప్పవచ్చును. ఇది బొల్లి కాదు. బొల్లి సాధారణముగా పుట్టిన తరువాత ఎప్పుడో మచ్చలుగా మొదలగును. వర్ణహీనత పుట్టుకతోనే వచ్చును. ఇది అంటువ్యాధి కాదు. శాపము కాదు, గ్రహణదోషమును కాదు.

మన చర్మమునకు, వెండ్రుకలకు, కంటిపాపకు రంగునిచ్చు పదార్థము పేరు మెలనిన్. దానిని తయారుచేయు కణములు వర్ణహీనులలోను ఉండును. కాని రంగు తయారగుటకు వలసిన సాధనమేదో ఒకటి పనిచేయదు. కొన్ని రకములలో ఆ సాధనము టైరోసినేజ్ అను ఎంజైము. కుమ్మరి ఉన్నాడు, మట్టి ఉన్నది, సారె మాత్రము తిరుగదు. ఇక కుండ ఎట్లు వచ్చును? 1908లో ఆర్చిబాల్డ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు పుట్టుకతో వచ్చు ఇట్టి రసాయన లోపములను గూర్చి లండనులో ఉపన్యసించుచు, వానిలో అల్బినిజమును చేర్చి చూపెను.

ఈ లోపము బిడ్డకు ఎట్లు వచ్చును? మనకు ప్రతి జన్యువును తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, జంటగా లభించును. సాధారణముగా జంటలో ఒకటి సరిగా ఉన్నను చర్మమునకు రంగు వచ్చును. రెండును లోపించినప్పుడే వర్ణహీనత కలుగును. తల్లిదండ్రులిరువురును లోపమున్న జన్యువును ఒక్కొక్కటి దాల్చినవారైనచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు ఈ అవకాశముండును. మేనరికపు వివాహములలో భార్యాభర్తల పూర్వులు ఒక్కరే యగుటచేత ఈ అవకాశము హెచ్చును. ఐనను ఇది తల్లి తప్పును కాదు, తండ్రి తప్పును కాదు. తమలో అట్టి జన్యువు కలదని వారికే తెలియదు.

ఇక ఎండ సంగతి చూతము. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. అవి చర్మకణములోనికి దూరి, అందలి జన్యుపదార్థమును గాయపరచును. మెలనిన్ కణకేంద్రముపై గొడుగువలె నిలిచి ఆ కిరణములలో చాల భాగమును అడ్డగించును. వర్ణహీనులకు ఆ గొడుగు లేదు. చిన్న గాయములను శరీరము చాలవరకు తానే సరిచేసికొనును. కాని ఏండ్లతరబడి గాయముపై గాయము పడినచో, ఏదో ఒక కణము అదుపుతప్పి పెరుగనారంభించును. అదియే చర్మపు కాన్సరు. 1992లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ సూర్యకాంతిని మానవులలో కాన్సరు కలిగించు కారణములలో ఒకటిగా నిర్ణయించెను.

ఈ ఆపద ఎంతటిదో ఆఫ్రికా ఖండమును చూచిన తెలియును. ఐరోపా, ఉత్తర అమెరికాలలో సుమారు 17,000 నుండి 20,000 మందికి ఒకరు వర్ణహీనులు కాగా, టాంజానియాలో సుమారు 1,400 మందికి ఒకరు కలరు. కొన్ని దేశములలో వీరిలో అధికసంఖ్యాకులు 30, 40 ఏండ్ల నడుమనే చర్మపు కాన్సరుచే మరణించుచున్నారని ఐక్యరాజ్య సమితి తెలిపినది. ఆ మరణములను నివారింపవచ్చును. కిలిమంజారో పర్వతపాదమున నున్న మోషీ పట్టణములోని చర్మవైద్య కేంద్రమున వీరికొరకే ఎండను అడ్డగించు లేపనమును తయారుచేసిరి. 2014లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ జూన్ 13వ తేదీని అంతర్జాతీయ అల్బినిజ అవగాహన దినముగా ప్రకటించెను. 2015 నుండి ఆ దినము జరుపబడుచున్నది.

మన సీమలో అట్టి బిడ్డ పుట్టినచో చేయవలసినది కష్టమైన పని కాదు. ఉదయము పది గంటలనుండి సాయంకాలము నాలుగు గంటలవరకు ఎండలో తిరుగనీయరాదు. మబ్బు పట్టిన దినమునను ఆ కిరణములు కొంతవరకు వచ్చుచునే ఉండును. నిండు చేతుల చొక్కా, చెవులను మెడను కప్పు వెడల్పైన టోపీ, గొడుగు, నల్లకండ్లద్దములు వాడవలెను. బట్ట కప్పని చోట వైద్యులు చెప్పిన లేపనము పూయవలెను. పెద్దయైన పిమ్మట చేను, గని పనులు గాక నీడపట్టున జరుగు వృత్తిని ఎన్నుకొనుట మేలు.

ముఖము, పెదవి, చెవి, మెడ, ముంజేతులు, వీనిని తరచుగా పరిశీలింపవలెను. నాలుగు వారములైనను మానని పుండు, గరుకైన పొర, పెరుగుచున్న బొడిపె, ఊరక రక్తము కారు చోటు కనబడినచో ఆకుపసరులతో కాలము గడపక వైద్యుని చూడవలెను. ఒంగోలు, గుంటూరు, కర్నూలు నగరములలోని ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులలో చర్మవ్యాధులను పరీక్షింతురు. చిన్నదిగా ఉన్నప్పుడు కోసి తీసివేసినచో చాలమందికి పూర్తిగా నయమగును. ఆలస్యమైనచో అది లోతునకు ప్రాకును.

వీరి చూపును గూడ మరువరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అల్పదృష్టిని వైకల్యములలో ఒకటిగా గుర్తించినది. పరీక్షలో అర్హులని తేలినవారికి మన రాష్ట్రమున సదరం ధ్రువపత్రము లభించును.

విద్యార్థులారా! ఇప్పుడు మరల ఆ బాలుని తలచుకొనుడు. అతడు రుమాలును సంచిలో దాచిన ప్రతి దినము ఎండ అతని చర్మముపై ఒక గీత గీయును. పలకపై గీతను తడిగుడ్డతో తుడువవచ్చును. చర్మముపై పడిన ఆ గీతలన్నియు చెరుగవు. బాల్యమున తగిలిన ఎండకు యౌవనమున ఫలితము కనబడవచ్చును. కావున అతని తరగతిలో మీరున్నచో, అతనికి మొదటి వరుసలో చోటిండు. ఆటలను చెట్టునీడకు మార్చుడు. అతని టోపీని చూచి నవ్వకుడు. నవ్వువానిని వారింపుడు. అతడు సిగ్గుపడక తల కప్పుకొనగలిగిననాడు, మీరు అతనికి దినమునకు కొంతగా ఆయువు పోసినవారగుదురు.

ప్రశ్నలు

1. బొల్లికిని వర్ణహీనతకును గల భేదమేమి?
2. మెలనిన్‌ను గొడుగుతో ఏల పోల్చిరి?
3. తోటివారి నవ్వు వర్ణహీనుడైన బాలునికి ఎట్లు ప్రమాదకరము?