బరువులెత్తిన ఆడపిల్లలు

సింహాచలం కొండ మీద అనాస తోటలున్నాయి. ఆడవాళ్లు తట్టల నిండా పళ్లు పెట్టుకుంటారు. నెత్తిన చుట్టకుదురు వేసుకుని కొండ దిగుతారు.

అలాంటి ఒక ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంది. బడిలో ఆటల జట్టుకి ఆ పిల్లను తీసుకున్నారు. నాయనమ్మ ఒప్పుకోలేదు.

"ఆడపిల్లకి ఆటలెందుకే? రేపు పెళ్లి చేసి పంపాల్సిన పిల్ల" అంది.

తల్లి ఈమధ్యనే చదువు నేర్చుకుంది. రాత్రి పుస్తకం తెచ్చి కూర్చుంది. "అత్తా, ఇది చదువుతాను, వినండి" అంది. కూడబలుక్కుని చదివింది.

"బంగాళాఖాతానికి అవతల, బర్మా పక్కన థాయిలాండ్ దేశం ఉంది. ముఖ్యపట్టణం బాంకాక్. ఆ దేశానికి రాజు ఉన్నాడు. ఎక్కువమంది బౌద్ధులు. వరి పండిస్తారు, అన్నం తింటారు. రామాయణాన్ని వాళ్లు రామకియెన్ అంటారు. ఏప్రిల్‌లో సంవత్సరాది. ఆ రోజు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు. రోజూ ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు జాతీయగీతం వినిపిస్తారు.

అక్కడ తక్రా అనే ఆట ఉంది. పూర్వం బంతిని పేముతో అల్లేవారు. బంతిని చేత్తో కొట్టకూడదు. కాలితో, తలతో వల దాటించాలి.

1998లో బాంకాక్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ బరువులెత్తే పోటీలో కరణం మల్లీశ్వరి వెండి పతకం గెలిచింది. ఆమెది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట."

"మనవైపు పిల్లేనా!" అంది నాయనమ్మ. కొంచెం ముందుకు జరిగింది.

"12 ఏళ్లకే మల్లీశ్వరి ఈ ఆట మొదలుపెట్టింది. నీలంశెట్టి అప్పన్న నేర్పారు. 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ జరిగాయి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు బరువులెత్తే పోటీ పెట్టడం అదే మొదలు. మల్లీశ్వరి ఒక పద్ధతిలో 110 కిలోలు, ఇంకో పద్ధతిలో 130 కిలోలు ఎత్తింది. కంచు పతకం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే.

అదే క్రీడల్లో థాయిలాండ్ మహిళ ఖస్సరపోర్న్ సుటా కూడా బరువులెత్తి కంచు పతకం గెలిచింది. ఆ దేశంలోనూ ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ ఆమే. 2004లో ఉడోంపోర్న్ పోల్సాక్ ఏకంగా బంగారు పతకం తెచ్చింది."

"నూట ముప్పై కిలోలంటే ఎంతే?" నాయనమ్మ అడిగింది.

"పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదు, పైన ఇంకో అయిదు కిలోలు" అంది మనవరాలు.

నాయనమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నలభై ఏళ్లు తట్టలు మోశాను. ఎవరూ చూడలేదు. దీని బలమైనా నలుగురూ చూడనీ. రేపు బడికెళ్లి సరేనని చెప్పు."

గుర్తుంచుకోండి

బరువులెత్తే ఆటను శిక్షకుల దగ్గరే నేర్చుకోవాలి. సొంతంగా ఎత్తితే నడుం పట్టేస్తుంది. ఆటలాడే పిల్లకు కడుపు నిండా తిండి పెట్టాలి. పప్పు, గుడ్లు, పాలు, ఆకుకూరలు మగపిల్లలతో సమానంగా పెట్టాలి.

జవాబులు రాయండి

1. థాయిలాండ్ ముఖ్యపట్టణం ఏది?
2. మల్లీశ్వరి సిడ్నీలో మొత్తం ఎన్ని కిలోలు ఎత్తింది? కూడి చూడండి.
3. నాయనమ్మ మనసు ఎందుకు మారింది?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో ఆడపిల్లలు ఆటలాడుతున్నారా? లేకపోతే అడ్డం ఏమిటి?