గన్నవరం నుండి రేణిగుంటకు: దూరమెంత? కాలమెంత?

దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మనమందరం ఉన్నత పాఠశాలలోనే నేర్చుకొన్నాం. సూత్రం సత్యమే. అయితే ప్రయాణం విషయంలో దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఆంధ్రప్రదేశ్‌లోని రెండు విమానాశ్రయాలను ఉదాహరణగా గైకొని పరిశీలిద్దాం. అవి విజయవాడకు సమీపాన గల గన్నవరం, తిరుపతికి సమీపాన గల రేణిగుంట.

మొదట దూరం. గన్నవరం విమానాశ్రయం 16 డిగ్రీల 32 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 48 నిమిషాల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. రేణిగుంటది 13 డిగ్రీల 38 నిమిషాల అక్షాంశం, 79 డిగ్రీల 33 నిమిషాల రేఖాంశం. అక్షాంశాల భేదం 2 డిగ్రీల 54 నిమిషాలు. డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున ఇది 322 కిలోమీటర్లు. రేఖాంశాల భేదం 1 డిగ్రీ 15 నిమిషాలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కనుక మన ప్రాంతంలో డిగ్రీకి సుమారు 107 కిలోమీటర్లే. అనగా 134 కిలోమీటర్లు. ఈ రెండింటిని లంబకోణ త్రిభుజపు భుజాలుగా భావిస్తే, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం సుమారు 349 కిలోమీటర్లు. ఇంత స్వల్ప దూరంలో భూమి వంపు వలన కలిగే తేడా లెక్కింపదగినది కాదు.

ఈ విచారణ కొత్తది కాదు. అల్ బిరూనీ పండితుడు 1025లో ముగించిన అరబ్బీ గ్రంథంలో నగరాల అక్షాంశ రేఖాంశాలకు, వాటి మధ్య దూరాలకు గల సంబంధాన్ని గణితంతో వివరించాడు. బిడారులు నడిచే దారి వంకరలను సరిచేసిన పిదపనే ఆయన ఆ దూరాలను లెక్కలోకి తీసుకొన్నాడు. మన రైలుమార్గమూ అట్టిదే. గూడూరు మీదుగా విజయవాడ నుండి తిరుపతికి అది సుమారు 380 కిలోమీటర్లు.

ఇక కాలం. ప్రాంతీయ మార్గాలలో తిరిగే ఎ.టి.ఆర్. 72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన 42 నిమిషాలు చాలు. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి వీస్తే 47 నిమిషాలు, అదే గాలి వెనుక నుండి వీస్తే 38 నిమిషాలు పడుతుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు ఆ పూర్తి వేగం ఉండదు. రన్‌వేకు ఎదురుగా రావడానికి విమానం చుట్టు తిరగవలసి రావచ్చు. నేల మీద నడిచే సమయమూ ఉన్నది. కాలపట్టికలో చూపేది విమానం నిలిచిన చోటు నుండి కదిలినది మొదలు గమ్యంలో ఆగేవరకు పట్టే కాలం. కనుక అది గంటకు అటుఇటుగా ఉంటుంది.

ప్రయాణికుని కాలం ఇంకొకటి. విజయవాడ నుండి గన్నవరానికి సుమారు 20 కిలోమీటర్లు పోవాలి. విమానం బయలుదేరడానికి గంటన్నర ముందే చేరాలి. దిగిన పిదప సామాను తీసుకొని, రేణిగుంట నుండి తిరుపతికి మరల సుమారు 15 కిలోమీటర్లు సాగాలి. అన్నీ కలిపితే నాలుగు గంటలకు తగ్గదు. రైలుకు ఆరేడు గంటలు. 42 నిమిషాల లెక్క చూచి విమానం రైలుకంటె పది రెట్లు వేగమని తలచేవారికి దక్కేది రెండు రెట్లు కూడా కాదు.

దీనికి కారణం స్పష్టం. దూరం తగ్గితే గాలిలో గడిపే కాలం తగ్గుతుంది గాని, నేలమీది నిరీక్షణ తగ్గదు. దూరప్రయాణంలో లెక్కకు రాని ఆ మూడు గంటలే ఇచ్చట ప్రధానమవుతాయి.

ప్రవేశపరీక్షకో, ఉద్యోగపు ఇంటర్వ్యూకో పోవలసిన విద్యార్థికి ఈ తేడా చిన్నది కాదు. గడియ దాటితే తలుపు మూసుకొంటుంది. టిక్కెట్టుకు పెట్టినది తల్లిదండ్రుల కష్టార్జితం. సూత్రాన్ని వాడేముందు మనం కొలుస్తున్నది ఏ దూరమో, ఏ కాలమో తెలుసుకొనడమే గణితం మనకు నేర్పే మొదటి వివేకం.