పదునెనిమిదేండ్ల ఆటగానిలో ఏమి చూడవలెను?

హాకీ యనగానే మనకు పచ్చిక మైదానము జ్ఞప్తికి వచ్చును. కెనడా, అమెరికా దేశములవారికి మంచుగడ్డ మీది ఆట జ్ఞప్తికి వచ్చును. అచట ఆటగాండ్రు ఉక్కు అలుగులు గల బూట్లు తొడిగికొని మంచుపై జారుచు, పక్ అనెడు గట్టి రబ్బరు బిళ్ళను కర్రలతో కొట్టుదురు. వారి నేషనల్ హాకీ లీగులో నేడు 32 జట్లున్నవి. ఏటేట ఈ జట్లు పదునెనిమిదేండ్ల ప్రాయపు యువకులను వంతులవారీగా ఎన్నుకొనును. దీనికి డ్రాఫ్టు అని పేరు. మొదటి డ్రాఫ్టు 1963లో మాంట్రియల్ నగరమున జరిగినది. అడుగున నిలిచిన జట్టుకు ముందు వంతు లభించుట దీని మూలసూత్రము. మంచి వంతునకై బుద్ధిపూర్వకముగా ఓడువారుందురేమోయని 1995 నుండి లాటరీని కూడ చేర్చిరి.

ఎన్నుకొనువారి చిక్కు ఇది: వారికి కావలసినది నేటి బాలుడు కాదు, అయిదేండ్ల తరువాతి పురుషుడు. చూడ దొరకునది మాత్రము నేటి బాలుడే.

1993లో ఒట్టావా జట్టు మొదటి వంతున అలెగ్జాండర్ డేగ్ అను యువకుని ఎన్నుకొనెను. అంతకు ముందటి ఋతువున అతడు బాలుర లీగులో 53 ఆటలలో 137 పాయింట్లు గడించియుండెను. ఇట్టి అంకెను చూచి ఎవరు మాత్రము కాదనగలరు? కాని పెద్దల లీగులో అతడు 616 ఆటలాడి 129 గోలులు మాత్రమే చేసెను. ఆ యేడే రెండవ వంతున ఎన్నికైన క్రిస్ ప్రాంగర్ 2015లో హాకీ కీర్తిమందిరమున చోటు పొందెను.

ఇక దీనికి విరుద్ధమైన ఉదాహరణము చూతము. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు వరుసగా 25 ఋతువులు ప్లే ఆఫ్ పోటీలకు చేరి, 2017లో ఆ గౌరవమును కోల్పోయెను. జట్టును పునాది నుండి తిరిగి కట్టుటకు 2019లో పూర్వపు నాయకుడు స్టీవ్ ఐజర్మన్ మేనేజరుగా వచ్చెను. ఆ జూనులో ఆయన ఆరవ వంతున మోరిట్జ్ సైడర్ అను జర్మను బాలుని పిలువగా సభ ఆశ్చర్యపడెను. ఆ బాలుడు మరింత ఆశ్చర్యపడెను. పలువురి అంచనాలలో అతని స్థానము ఇంకను క్రిందనే యుండెను. జర్మనీ లీగున 29 ఆటలలో అతనికి వచ్చినవి 6 పాయింట్లే.

కాని ఆ ఆరు పాయింట్లు ఎవరి మీద వచ్చినవి? గడ్డములు పెరిగిన మగవారి మీద! పైగా అతడు వెనుక నిలిచి గోలును కాచు ఆటగాడు. అట్టివానిని గోలుల లెక్కతో తూచుట వడ్లను మూరతో కొలుచుట వంటిది. చూడవలసినవి వేరు: వెనుకకు జారుచు ఎంత త్వరగా మళ్లగలడు? పక్ తనకు చేరకముందే తల యెత్తి నలుదెసలు చూచునా? తప్పు చేసిన మరుక్షణమున ఏమి చేయును? ఈ కడపటి ప్రశ్నకు పుస్తకములలో అంకె దొరకదు. పరిశీలకుడు చలిలో కూర్చుండి చూడవలసినదే.

పుట్టిన నెలను గూర్చి కూడ చెప్పవలెను. కెనడాలో బాలుర జట్లకు వయస్సును జనవరి 1 నుండి లెక్కింతురు. అందుచే జనవరిలో పుట్టినవాడు డిసెంబరువానికంటె దాదాపు ఏడాది పెద్దయై, బలముగా కనబడి, మంచి శిక్షణ పొందును. ఏటి తొలి నెలలలో పుట్టినవారే పై జట్లలో అధికముగా నుండుటను 1985లో రోజర్ బార్న్‌స్లీయు, ఆయన సహచరులును ప్రచురించిరి. ఒకే తరగతిలో పెద్దపిల్లల ప్రక్కన చిన్నపిల్లలను కూర్చుండబెట్టి మార్కులు పోల్చు మనకును ఈ సంగతి క్రొత్త గాదు.

ఆలస్యముగా ఎదుగువారును గలరు. ఇదే డెట్రాయిట్ జట్టు 1998లో పావెల్ దాత్స్యూకును 171వ వంతునను, 1999లో హెన్రిక్ జెటర్‌బర్గును 210వ వంతునను ఎన్నుకొనెను. 2008లో స్టాన్లీ కప్పు గెలిచిన జట్టుకు వీరిరువురే మూలస్తంభములు.

ఎన్నుకొన్న పిదప ఓర్పు కావలెను. సైడరును రెండేండ్లు పెద్ద లీగులోనికి దింపక, ఒక యేడు క్రింది లీగునను, ఒక యేడు స్వీడనునను ఆడించిరి. ఈ నడుమ 2019–20 ఋతువున డెట్రాయిట్ 71 ఆటలలో 17 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. లాటరీ వికటించి నాలుగవ వంతే దక్కెను. 2021–22లో సైడర్ 82 ఆటలాడి 50 పాయింట్లు గడించి, ఉత్తమ నూతన క్రీడాకారునకిచ్చు కాల్డర్ బహుమతిని పొందెను. అయినను 2025 వరకు డెట్రాయిట్ జట్టు ప్లే ఆఫ్ పోటీలకు తిరిగి చేరలేదు.