చివరి ఐదు ప్రశ్నలు

నవోదయ పరీక్ష దగ్గరపడుతోందంటే మా బడి వరండాలో తల్లిదండ్రుల రద్దీ పెరుగుతుంది. "ఇంట్లో అన్నీ చెప్తాడు మాస్టారూ, మోడల్ పేపరిస్తే యాభై దాటడు" అని ఒకరు. "వాళ్ళ పెద్దనాన్న కూతురికి డెబ్భై వస్తున్నాయట, దీనికేమైందో" అని ఇంకొకరు. ఈ బెంగను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. అక్కడ సీటొస్తే ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, వసతి, అన్నీ దాదాపు ఖర్చు లేకుండా. కూలికెళ్ళే ఇంటికి అదెంత ఊరటో మా బడిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాలుగేళ్ళ కిందట ఐదో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. బొమ్మల ప్రశ్నల్లో దిట్ట. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదేదో నేను కళ్ళజోడు సర్దుకునేలోపే చెప్పేసేవాడు. అలాంటివాడు మోడల్ టెస్టు పెట్టిన ప్రతిసారీ ఆఖరి పేరా కింద ఉన్న ఐదు ప్రశ్నలు వదిలేసేవాడు. "స్పీడు లేదండీ వీడికి" అని వాళ్ళ నాన్న టైము చూసుకోవడానికి కొత్త వాచీ కొనిచ్చాడు. నేనూ స్పీడే అనుకున్నాను, ఆ పొరపాటులో నా వాటా ఉంది. ఒకరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక కుళాయి దగ్గర పళ్ళెం కడుక్కుంటూ, నేనేమీ అడక్కుండానే అన్నాడు: "అన్నీ పెట్టేస్తే సీటొచ్చేస్తుంది కదండీ."

"వస్తే మంచిదే కదరా?"

"వస్తే అక్కడే పడుకోవాలంటగా."

వాడు నిలబడ్డ చోట మనమూ ఒకసారి నిలబడి చూద్దాం. సీటు రాకపోతే అమ్మ ఏడుస్తుంది. వస్తే అమ్మ పక్కన పడుకోవడం ఉండదు. పదేళ్ళ పిల్లాడు ఈ రెండింటిలో ఏది కావాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి? నవోదయ అనగానే మన కళ్ళకు వాడి ఉద్యోగం, వాడి ఇల్లు కనిపిస్తాయి. వాడికి మాత్రం తెలియని గదిలో ఒక మంచం కనిపిస్తుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడు. చెబితే మన మొహం ఎలా మారుతుందో వాడికి బాగా తెలుసు.

పేపరు ఖాళీగా వదిలిన పిల్లలందరి వెనకా ఇదే కథ ఉందని అనను. కొందరి దగ్గర కారణం ఇంత లోతుగా ఉండదు, పెన్ను దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్ళూ పెన్సిలు పట్టిన చేతికి ఓఎంఆర్ షీటు మీద బాల్‌పెన్ను ఇస్తాం. దిద్దింది తప్పయితే చెరపడానికి లేదు. అలవాటుగా రబ్బరు కోసం జేబు తడుముకునే పిల్లల్ని చూశాను. ఒక పాప అయితే నాలిక పంటి కింద పెట్టుకుని, సిరా గీత దాటకుండా ఒక్కో బబుల్‌ను అరనిమిషం దిద్దేది. బొమ్మకు రంగు గీత దాటిందని ఎప్పుడో ఎవరో కోప్పడ్డారట. 80 ప్రశ్నలకు రెండు గంటలు, అంటే ప్రశ్నకు నిమిషంన్నర. అందులో అరనిమిషం దిద్దడానికే పోతే ఆలోచించేదెప్పుడు? రోజూ పది నిమిషాలు తెల్లకాగితం మీద పెన్నుతో సున్నాలు చుట్టి దిద్దిస్తే చాలు, ఆ భయం పోతుంది. తప్పుకు మార్కులు కోయరని, తెలియకపోయినా ఏదో ఒకటి పెట్టి రావచ్చని కూడా చెప్పండి. చాలామంది పిల్లలకు ఇది తెలియదు.

ఇక కష్టమైన మాట. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి ఉన్నవి మహా అయితే 80 సీట్లు. రాసేవాళ్ళు వేలల్లో. బాగా చదివే పిల్లల్లోనూ ఎక్కువమందికి సీటు రాదు. అది వాళ్ళ లోపం కాదు, మన పెంపకం లోపమూ కాదు. 100 మార్కుల్లో 50 బొమ్మలకే పోతాయి, లెక్కలకు 25, భాషకు 25. ఆ బొమ్మలు మన ఐదో తరగతి పుస్తకాల్లో పాఠంగా ఉండవు. కాబట్టి ఇందులో మార్కులు తగ్గాయని పిల్లకు చదువు రాదనుకుంటే మనమే పొరబడినట్టు. ఆరో తరగతికి ఒక్కసారే రాయనిస్తారన్న మాటా నిజమే. కానీ "ఒక్కటే ఛాన్సు" అని అన్నం దగ్గర రోజూ అంటుంటే ఆ ముద్ద గొంతు దిగుతుందా? తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే వాటికి వేరే పరీక్ష ఉంటుంది. అది మన మనసులో ఉంచుకుందాం.

ఐదో తరగతిలోనే టౌనుకు తీసుకెళ్ళి కోచింగ్ హాస్టల్లో వేయమంటారా అని అడుగుతుంటారు. నన్నడిగితే వద్దంటాను. ఇంటికి దూరమవడం ఒక ఏడాది ముందే మొదలవుతుంది, అదీ సీటు చేతిలోకి రాకముందే.

దానికన్నా, వీలైతే ఒక ఆదివారం మీ జిల్లా నవోదయ దాకా తీసుకెళ్ళండి. మీ ఊరి నుంచి అక్కడ చదివే పిల్లలుంటే సెలవులకు వచ్చినప్పుడు మాట్లాడించండి. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపుతారన్నదీ దాచొద్దు. "వెళ్ళాలనుందా?" అని అడగండి. "లేదు" అంటే ఆ పూటకు ఊరుకోండి. నచ్చజెప్పడానికి ఇంకా రోజులుంటాయి, మనం వినడానికీ ఉంటాయి.

ఆ పిల్లాణ్ణి వాళ్ళ నాన్న బండి మీద తీసుకెళ్ళి చూపించాడు. సోమవారం బడికొచ్చి నన్ను అడిగాడు: "రాత్రి లైటు ఆర్పేస్తారాండీ అక్కడ?" నాకూ తెలియదు. అక్కడ చదివిన పాత విద్యార్థికి ఫోన్ చేసి కనుక్కున్నాను. వాళ్ళ హాస్టల్ వరండాలో తెల్లవార్లూ ఒక లైటు వెలిగేదట. వాడు సరేనని తలూపి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం మోడల్ పేపర్లో చివరి ఐదింటికీ దిద్దాడు. అందులో రెండు తప్పు.