వాస్తుశిల్పి డి కార్లో

ఇటలీ దేశమునందలి జెనోవా నగరమున 1919వ సంవత్సరమున జియాంకార్లో డి కార్లో జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధ సమయమున ఆతడు ఫాసిస్టులను, నాజీలను ఎదిర్చిన ప్రతిఘటనోద్యమమున పాల్గొనెను. యుద్ధము ముగియునాటికి ఇటలీలో అనేక నగరములు శిథిలములై, లెక్కలేనన్ని కుటుంబములు నిలువ నీడ లేక అలమటించుచుండెను. అట్టి దినములలో డి కార్లో తన వృత్తిని ఆరంభించెను.

మిలాను నగర సమీపమున సెస్తో సాన్ జొవాన్ని యను పారిశ్రామిక పట్టణము కలదు. 1950 ప్రాంతమున ఆతడచ్చట కార్మికులకై యొక గృహసముదాయమును నిర్మించెను. ఎండయు, పచ్చని దృశ్యమును లభించునట్లు ఇండ్ల ముఖ్యభాగములను దక్షిణమునకు త్రిప్పెను. ఉత్తరమున, వీధివైపు, రాకపోకలకై పొడవైన వసారాల నుంచెను. అంతయు శాస్త్రసమ్మతమే.

తరువాత నొక ఆదివారమున ఆతడు ఆ భవనము నెదుట కూర్చుండి, అందలి జనుల నడవడిని గంటల తరబడి పరిశీలించెను. దక్షిణపు వసారాలలో ఉతికిన బట్టలు ఆరుచుండెను. జనులు మాత్రము ఉత్తరపు వసారాలలో చేరి, వీధిని చూచుచు, ఒకరినొకరు పలుకరించుకొనుచుండిరి. ఎండ మంచిదే, కాని తోడి మనుష్యుల సాంగత్యము వారికి అంతకంటె ప్రియమైనది. తన పొరపాటును డి కార్లో దాచలేదు. పత్రికాముఖమున దానిని తానే వెల్లడించెను.

ఈ యనుభవము ఆతనికి దారి చూపెను. చిత్రకారుడు రఫాయెల్ జన్మస్థలమైన ఉర్బీనో నగరమునకు 1964లో ఆతడు అభివృద్ధి ప్రణాళికను రచించెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడైన కార్లో బో ప్రోత్సాహమున, కొండవాలు ననుసరించి విద్యార్థి వసతిగృహములను కట్టెను. ప్రాచీన భవనముల గోడలను చెరుపక, వాని లోపలనే నూతన విద్యాలయములను నెలకొల్పెను.

తెర్ని పట్టణమున 1969లో ఉక్కు కార్మికులకు ఇండ్లు కట్టు పని లభించినపుడు, ఆతడు మొదట ఆ కార్మికులనే సమావేశపరచెను. వారి కోరికలను విని, వారితో చర్చించి నమూనాలు సిద్ధపరచెను. తలపెట్టినన్ని ఇండ్లు కట్టుటకు వీలుపడలేదు. సుమారు 250 మాత్రమే పూర్తియయ్యెను. అయినను ఆ పద్ధతి దేశదేశముల వాస్తుశిల్పులకు ఆదర్శమయ్యెను.

డి కార్లో గొప్ప గురువు కూడ. వెనిసు, జెనోవా నగరములందు ఆతడు బోధించెను. 1976లో నానాదేశ విద్యార్థులను ఒకచోట చేర్చి బోధించు సంస్థను స్థాపించెను. 1993లో బ్రిటిషు రాజ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణపతకము నొసగి ఆతనిని గౌరవించెను. 2005లో మిలానులో ఆతడు కన్నుమూసెను.

ఇల్లు కట్టువాడు ముందుగా అందు నివసింపబోవు మనుష్యుని తెలిసికొనవలెను. డి కార్లో జీవితము నేర్పు పాఠమిదియే.