బారన్ లోయలో రైలుబాట

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ నగరం నుండి కురండా గ్రామానికి పోయే రైలుబాట పొడవు సుమారు 37 కిలోమీటర్లు మాత్రమే. ఆ కొద్ది దూరంలోనే అది చెరకు తోటలను విడిచి మూడువందల మీటర్లకు పైగా ఎత్తుకు ఎగబ్రాకుతుంది.

ఈ బాట విహారయాత్రికుల కొరకు పుట్టినది కాదు. 1882లో ఎడతెగని వర్షాలకు బండిదారులు బురదలో కూరుకుపోగా, కొండలపై హెర్బర్టన్ తగరపు గనుల జనం తిండిగింజలు అందక అలమటించారు. తీరానికి రైలు కావాలని వారు పట్టుబట్టారు. 1886లో పని ఆరంభమైంది. దట్టమైన వర్షారణ్యం, నిట్టనిలువు చరియలు, ఎప్పుడు విరిగిపడునో తెలియని తడిమన్ను! ఒక దశలో 1500 మంది వరకు శ్రామికులు పలుగులతో, పారలతో, డైనమైటుతో కొండను తొలిచారు. వారిలో ఇటలీ, ఐర్లండు దేశీయులు అనేకులు. పదిహేను సొరంగాలు వారి చేతి చలవే. ప్రమాదాలకూ జ్వరాలకూ బలియైనవారు పలువురు. 1891లో రైలు నడిచింది.

స్టోనీ క్రీక్ వద్ద వంతెన విల్లువలె వంగుతుంది. అక్కడ ప్రయాణికుడు తానెక్కిన రైలు ముందుపెట్టెలను తన కిటికీ నుండే చూడగలడు; ప్రక్కనే జలపాతం. అంతకంటె పెద్దదైన బారన్ జలపాతం మాత్రం వేళ తప్పి వచ్చినవారిని నిరాశపరుస్తుంది. దాని నీటిని ఎగువనే విద్యుదుత్పత్తికి మళ్లిస్తారు. డిసెంబరు మొదలు మార్చి వరకు కురిసే వానలలోనే దాని ఉగ్రరూపం కానవస్తుంది. జబుగై ఆదివాసులకు తరతరాల నెలవైన ఈ అరణ్యం 1988లో ప్రపంచ వారసత్వ సంపదలో చేరింది.