తరగతి గదిలో మైకు పెడతామంటే

మన శ్రీకాకుళం, విజయనగరం సర్కారు బడుల్లో హాజరు యాప్‌లోకి ఎక్కింది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులొచ్చాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన సాల్ట్ పథకంలో, పాఠం సాగే తీరును పరిశీలకులు తరగతిలో కూర్చుని అంచనా వేసే ‘టీచ్’ పద్ధతిని తెచ్చారు. ఆ పరిశీలకుల పనిలో కొంత ఇప్పుడు మైకు, కెమెరా, కృత్రిమ మేధ చేయగలుగుతున్నాయి. రేపు అవి మీ పిల్లల బడికీ రావచ్చు. కంగారు పడకండి. అలాగని అడక్కుండా ఒప్పుకోకండి.

ఇందులో మేలుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నాటికే తరగతుల టేపులు విని ఒక సంగతి కనిపెట్టారు. ప్రశ్న వేశాక టీచర్లు దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది పిల్లలు నోరు విప్పుతారు, జవాబులూ పెరుగుతాయి. అలాంటి లెక్కను యంత్రం ప్రతి పాఠానికీ తీసి, మాస్టారికి మాత్రమే చూపిస్తే, అది ఆయనకు సాయం.

కానీ కెమెరాతో పిల్లల ముఖం చూసి మనసు చెబుతామంటే ఒప్పుకోకండి. చైనాలోని హాంగ్‌జౌలో ఒక బడి 2018లో అలాంటి కెమెరాలు పెట్టి విమర్శలపాలైంది. బడుల్లో భావోద్వేగాలను యంత్రంతో అంచనా వేయడాన్ని ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మౌనంగా కూర్చున్న పిల్ల శ్రద్ధగా వింటూ ఉండొచ్చు. మాట వినడంలోనూ చిక్కుంది: పుస్తకాల తెలుగు మీద తయారైన యంత్రం “ఏటి”, “బేగి” అనే మన పిల్లల మాట దగ్గర తడబడొచ్చు. సీతంపేట కొండల్లో ఇంట్లో సవర మాట్లాడే పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆ ఓపిక యంత్రం దగ్గర ఉందా అని మనం అడగాలి.

అందుకే బడి మీటింగుకు వెళ్లినప్పుడు నాలుగు మాటలు అడగండి. రికార్డింగు ఎవరు వింటారు? ఎన్నాళ్లు దాస్తారు? మా పిల్లలకు దానితో మార్కులు వేస్తారా? మాస్టార్ని శిక్షించడానికి వాడతారా? 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. బడులకు కొన్ని సడలింపులున్నా, అడిగేందుకు మొహమాటపడకండి.

ఇంట్లోనూ ఒక పని చేయండి. “ఎన్ని మార్కులొచ్చాయి?” అని కాక, “ఈవేళ మాస్టార్ని ఏం అడిగావు?” అనండి. అని, మూడు సెకన్లు ఆగండి. మీ పిల్లల చదువు గురించి ఏ యంత్రమూ చెప్పలేని సంగతులు వాళ్లే మీకు చెబుతారు.